మేం ఏలియన్లమా? : ‘జోక్యం వద్దు’ అనే సూత్రం గురించి

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ మీటింగ్‌లో నేనొక సెమినార్ ఇచ్చాను. “సైన్స్ ఫిక్షన్‌లో నీతి” అని పేరు. వచ్చింది ఇరవై మంది కూడా లేరు, అందులో సగం మంది సమోసాల కోసం వచ్చారని నాకు తెలుసు. అయినా బాగానే చెప్పాననుకున్నాను. పదకొండో స్లైడ్ దగ్గర మాత్రం ఒక తప్పు చేశాను. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, నాకూ తట్టలేదు. ఆ స్లైడ్‌ను సరిదిద్దుకోవడానికే ఈ వ్యాసం.

రానివాళ్ల కోసం ముందు విషయం చెప్పాలి. ‘స్టార్ ట్రెక్’ అని 1966లో మొదలైన అమెరికన్ టీవీ సీరియల్ ఉంది కదా, అందులో అంతరిక్ష నౌకల వాళ్లందరికీ ఒక మొదటి ఆజ్ఞ ఉంటుంది. దాని పేరు ప్రైమ్ డైరెక్టివ్. మనకంటే వెనకబడిన నాగరికత ఏదైనా గ్రహం మీద కనిపిస్తే దాని సహజమైన ఎదుగుదలలో వేలు పెట్టకూడదు. మనం ఎవరమో చెప్పకూడదు, మన యంత్రాలు చూపించకూడదు, చివరికి వాళ్లు కష్టాల్లో ఉన్నా సరే. అప్పుడు వియత్నాం యుద్ధం నడుస్తోంది. బాగుచేస్తామని వెళ్లిన దేశం ఇంకో దేశాన్ని ఏం చేస్తుందో రోజూ వార్తల్లో చూస్తున్న జనానికి ఈ రూలు వెంటనే అర్థమై ఉంటుంది.

అంతకు రెండేళ్ల ముందే, 1964లో, రష్యాలో స్ట్రుగాట్‌స్కీ సోదరులు ‘హార్డ్ టు బి ఎ గాడ్’ అనే పేరుతో ఇంగ్లీషులో తెలిసిన నవల రాశారు. భూమి నుంచి వెళ్లిన ఒక పరిశీలకుడు మధ్యయుగాల్లాంటి రాజ్యంలో దొరవేషం వేసుకుని బతుకుతుంటాడు. కళ్ల ముందే కవుల్ని, పండితుల్ని చంపుతుంటారు. అతనికున్న అనుమతి చూడటం వరకే. ఎంతకాలం చూస్తాడు? చివరికి కత్తి దూస్తాడు. నాకు స్టార్ ట్రెక్ కంటే ఈ కథే నచ్చుతుంది. రూలు గొప్పదా కాదా అన్న చర్చ కన్నా, రూలు పాటించేవాడు లోపల ఏమైపోతాడన్నది దీంట్లో కనిపిస్తుంది. మన తెలుగులో ఈ బాధలేం లేవు. ‘ఆదిత్య 369’లో టైమ్ మెషీనెక్కి కృష్ణదేవరాయల కాలానికి వెళ్లిన మన హీరో అక్కడి గొడవల్లో హాయిగా తలదూర్చేస్తాడు, మనం విజిల్స్ వేస్తాం.

ఇంతవరకూ స్లైడ్లు బాగానే ఉన్నాయి. పదకొండో స్లైడ్ హెడ్డింగ్: “వెనకబడిన నాగరికతలు – మన దగ్గరే!” ఎడమవైపు అంతరిక్ష నౌక బొమ్మ. కుడివైపు నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ నర్తకుడి ఫొటో, గూగుల్‌లో దొరికింది. “అంతరిక్షం దాకా ఎందుకు, ఆదిలాబాద్ వెళ్లండి చాలు” అన్నాను. కొంచెం నవ్వారు కూడా.

వెనక వరసలో మా బ్యాచ్‌మేట్ ఒకడు కూర్చున్నాడు. ఉట్నూరు వైపువాడు, రాజ్‌గోండు. హాస్టల్‌లో నాకు పక్క రూమే. ప్రశ్నలేమైనా ఉంటే అడగండన్నప్పుడు అడగలేదు. సాయంత్రం క్యాంటీన్‌లో టీ తాగుతూ మామూలుగానే అన్నాడు: “మంచిగనే చెప్పినవ్‌రా. గానీ ఒకటి అడుగుతా. మేం ఏలియన్లమా ఏంది?”

నవ్వుతూనే అన్నాడు. అదే ఎక్కువ బాధేసింది.

తర్వాత ఒక ఆదివారం వాణ్ని మా మామ వాళ్లింటికి భోజనానికి పిలిచాను. ఇల్లు పురానాపూల్ దగ్గర, దర్వాజాకి నాలుగడుగుల్లో. అత్తమ్మ కూరగాయలు తెమ్మంటే ఇద్దరం పాత వంతెన మీదికి వెళ్లాం. తెలియనివాళ్లకి చెప్తున్నా, బండ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీద పోతాయి, పాతదాని మీద కూరగాయల మార్కెట్ నడుస్తుంది. కుతుబ్‌షాహీ రాతి వంతెన మీద టమాటాలు, కొత్తిమీర, పచ్చిమిర్చి కుప్పలు. కింద మూసీ. దాని వాసన గురించి నేను ప్రత్యేకంగా రాయక్కర్లేదు.

“ఎన్నటిదిరా ఇది?” అన్నాడు.

“1578. ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిండు. చార్మినార్ కన్నా పదమూడేండ్లు పెద్దది.” ఆ తర్వాత యువరాజు వరదలో గుర్రమేసుకుని భాగమతి కోసం నది దాటడం, భయపడి తండ్రి వంతెన కట్టించడం, ఆ కథ కూడా చెప్పాను. అది కథే, చరిత్రకారులు ఒప్పుకోరు. అయినా ఈ బస్తీలో పెరిగినవాడు ఆ కథ చెప్పకుండా వంతెన దాటించడు.

వాడు కాసేపు రాళ్లు చూసి, “అప్పటికి మాకు కూడా రాజులుండిరి” అన్నాడు.

ఇంటికొచ్చాక చూస్తే వాడన్నది నిజమే. ఈ వంతెనకి రాళ్లు పేర్చే రోజుల్లో చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, గోండు రాజులు ఏలుతున్నారు. వాళ్ల పాలన 18వ శతాబ్దం దాకా సాగింది. ఇంకా ఉత్తరాన గఢా రాజ్యపు గోండు రాణి దుర్గావతి 1564లో అక్బర్ సేనతో యుద్ధం చేస్తూ చనిపోయింది. కుతుబ్‌షాహీలకు గోల్కొండ ఉన్నట్టే వాళ్లకూ కోటలున్నాయి. అలాంటివాళ్లను 400 ఏళ్ల తర్వాత ఒక బీటెక్ కుర్రాడు ‘సహజమైన ఎదుగుదల ఇంకా పూర్తికాని నాగరికత’ అని స్లైడ్‌లో పెట్టాడు. వాళ్లు మొదటి మెట్టు మీదే ఆగిపోయారని నేననుకున్నాను. కోటలున్నవాళ్లు అడవిలో పట్టా లేని రైతులుగా ఎలా మిగిలారన్న ప్రశ్న నాకు రానేలేదు.

వంకాయలు ఏరుతూ వాడు గోండీలో లెక్కపెట్టాడు, నన్ను ఆటపట్టించడానికే: “రండ్, మూండ్, నాలుంగ్...” నేను తల ఎత్తాను. రెండు, మూడు, నాలుగు. భాషాశాస్త్రవేత్తలు తెలుగునీ గోండీనీ ద్రావిడ భాషల్లో ఒకే ఉపశాఖలో పెడతారు. మరి మనకు తమిళం, కన్నడ దగ్గరివనిపిస్తాయి, గోండీ అనే మాటే గుర్తుకు రాదు. కూరగాయలామె మాత్రం “ఏం లెక్క అది, కిలో అంటే కిలోనే” అని తూచి సంచిలో పోసింది.

ఇక్కడ ‘వెనకబడిన’ అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం, మనం ఇంజనీర్లం కాబట్టి. సైన్స్ ఫిక్షన్ వాళ్లకి ఇష్టమైన కొలబద్ద ఒకటుంది, కర్దషెవ్ స్కేల్. సోవియట్ ఖగోళ శాస్త్రవేత్త నికొలాయ్ కర్దషెవ్ 1964లో ప్రతిపాదించాడు. ఒక నాగరికత ఎంత శక్తిని వాడుకుంటుందన్నదే అక్కడ లెక్క. తన గ్రహానికి అందే శక్తి మొత్తం వాడితే మొదటి రకం, తన నక్షత్రపు శక్తి మొత్తం వాడితే రెండో రకం, తన గెలాక్సీది మొత్తం వాడితే మూడో రకం. ఆకాశంలో సిగ్నల్స్ వెతకడానికి అది పనికొచ్చే లెక్కే. కానీ మనం దాన్ని తెచ్చి మనుషుల మీద పెడతాం. ఎవరింట్లో కరెంట్ మీటర్ ఎక్కువ తిరిగితే వాళ్లు ముందున్నట్టు. ఆ లెక్కన మూసీని ఈ స్థితికి తెచ్చిన మా నగరం చాలా ముందుంది.

భోజనాలయ్యాక వాణ్ని జూపార్కుకి తీసుకెళ్లాను. పురానాపూల్ నుంచి బహదూర్‌పురా ఎంతో దూరం లేదు, 1963లో తెరిచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల అక్కడే. నిజం చెప్పాలంటే నాకొక ఐడియా ఉంది, సెమినార్ రెండో భాగానికి ఫొటోలు తీసుకుందామని. 1973లో జాన్ బాల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ‘జూ హైపోథెసిస్’ అని ఒక పేపర్ రాశాడు. ఇంత విశ్వంలో మనకెవరూ కనిపించరేం అన్న ప్రశ్నకి ఆయన జవాబు ఏమిటంటే, వాళ్లున్నారు, మనల్ని కావాలనే కదిలించకుండా వదిలేశారు. భూమి ఒక జూ, మనం జంతువులం, కంచె మనకి కనిపించదు. ప్రైమ్ డైరెక్టివ్‌ని కంచె లోపలినుంచి చూస్తే అదీ దాని రూపం. సింహం ఎన్‌క్లోజర్ ముందు నిలబడి ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే వాడు, “దీన్ని అడిగిర్రా మరి, జూల ఉంటవా అని?” అన్నాడు.

ఇది జోకు కాదు. మన దేశంలో ఈ వాదన అచ్చంగా ఇదే మాటతో జరిగింది. వెరియర్ ఎల్విన్ అనే ఇంగ్లీషాయన మధ్య భారతంలో బైగాల మధ్య బతికి 1939లో ‘ద బైగా’ పుస్తకం రాశాడు. బయటి వడ్డీ వ్యాపారులూ కాంట్రాక్టర్లూ చొరబడకుండా వాళ్ల అడవిని ఒక ‘నేషనల్ పార్క్’లా కాపాడాలని అందులో సూచించాడు. గిరిజనుల్ని జూలో పెట్టమంటున్నాడని, మ్యూజియంలో పెట్టమంటున్నాడని విమర్శకులు మీదపడ్డారు. ఇంకోవైపు సమాజశాస్త్రవేత్త ఘుర్యే 1943లో, వాళ్లు వేరే జాతి ఏమీ కాదు, వెనకబడిన హిందువులు, మెల్లగా కలిసిపోతారు అని పుస్తకమే రాశాడు. ఒకరిది కంచె, ఒకరిది కలిపేసుకోవడం. సెమినార్‌లో నేను పెట్టిన ‘జోక్యమా, అజోక్యమా’ చర్చ సరిగ్గా ఇదే. ఈ రెండింటిలోనూ బైగాల ఓటు ఎక్కడుందో నాకు కనిపించలేదు.

ఇక మన రాష్ట్రం సంగతి. అసలు పాఠం ఇక్కడే ఉంది.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్ట్. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. సైన్స్ ఫిక్షన్ రచయిత కూడా ఇలాంటి మొదలు రాయడు: పరిశీలకుడే ఖైదీ. ఆయన, భార్య బెట్టీ 1940లో నల్లమలకి వెళ్లి చెంచుల మధ్య ఉన్నారు. తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర.

అదే 1940లో ఆదిలాబాద్ కొండల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఎందుకు తిరగబడ్డారో మనందరికీ స్థూలంగా తెలుసు: జల్, జంగల్, జమీన్. వివరం ఇది. అటవీశాఖ రిజర్వు గీతలు గీసి, తరాలుగా సాగుచేస్తున్న పోడు ఆపేయమంది. ఇంకోపక్క చదువొచ్చిన బయటివాళ్లు కాగితాలు పుట్టించుకుని, దున్నేవాడి భూమిని తమ పేర రాయించుకున్నారు. గోండు రైతు దగ్గర భూమి ఉంది, పట్టా లేదు. తిరుగుబాటును అణచాక, ఇలా ఎందుకైందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించి హైమన్‌డార్ఫ్‌ని పంపింది. తర్వాత గిరిజన వ్యవహారాల సలహాదారుగా పెట్టుకుంది. ఉస్మానియాలో ప్రొఫెసర్ కూడా అయ్యాడు.

ఇప్పుడు ప్రైమ్ డైరెక్టివ్‌ని ఇక్కడ పెట్టి చూడండి. ‘జోక్యం వద్దు, వెనక్కి వచ్చెయ్’ అంటే ఏమవుతుంది? అటవీశాఖ అక్కడే ఉంటుంది, వడ్డీ వ్యాపారి అక్కడే ఉంటాడు, పట్వారీ అక్కడే ఉంటాడు. మంచివాడొక్కడే నియమం ప్రకారం వెళ్లిపోతాడు. స్టార్ ట్రెక్ వాళ్లకి కూడా ఇది తట్టింది. 1968లో వచ్చిన ‘ఎ ప్రైవేట్ లిటిల్ వార్’ ఎపిసోడ్‌లో శత్రువులైన క్లింగాన్లు ఒక గ్రహంలో ఊరివాళ్లకి రహస్యంగా తుపాకులిస్తారు. వాళ్లు కొండవాళ్లని చంపుతుంటారు. కెప్టెన్ కిర్క్ ఏం చేయాలి? చివరికి కొండవాళ్లకి కూడా అన్నే తుపాకులిస్తాడు, ఇస్తూ కుమిలిపోతాడు. వేరేవాడు ముందే దూరిపోయిన చోట దూరంగా నిలబడటం కూడా ఒక పక్షం వహించడమే, కాకపోతే మన చేతికి మట్టి అంటదు.

హైమన్‌డార్ఫ్ ఇచ్చింది తుపాకులు కాదు, పట్టాలు, పలకలు. గోండుల భూములకి పట్టాలిప్పించాలని పట్టుబట్టాడు, వేల కుటుంబాలకి అందాయి. జైనూరు దగ్గర మార్లవాయిలో బడి పెట్టించి, గోండు యువకుల్నే టీచర్లుగా తయారుచేయించి, గోండీలోనే వాచకాలు రాయించాడు. పిల్లవాడి మొదటి పాఠం పిల్లవాడి భాషలో. మన రాష్ట్రంలో ఇది 1940లలో జరిగిందంటే నేను నమ్మలేకపోయాను. ఇప్పటికీ ఎన్ని ఊళ్లలో గోండు పిల్లాడు మొదటిరోజే తెలుగులో బిక్కమొహం వేస్తాడో మా వాణ్ని అడగండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకోటి. అదే మనిషి, అదే సంస్థానం, దాదాపు అవే సంవత్సరాలు. గోండులకు బడి, పట్టా అన్నవాడు చెంచుల దగ్గరికి వచ్చేసరికి వేరే సలహా ఇచ్చాడు: అమ్రాబాద్ పీఠభూమి మీద కొంత అడవిని వాళ్లకే వదిలేయండి, వేటాడుకుని గడ్డలు తవ్వుకుని బతికే పద్ధతిని చెడగొట్టకండి. ఒకరి విషయంలో జోక్యం, ఒకరి విషయంలో కంచె. మొదట చదివినప్పుడు ఇది పరస్పర విరుద్ధం కదా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. గోండులు నాగలి పట్టిన రైతులు, వాళ్లు పోగొట్టుకుంటున్నది పొలం. చెంచులు పోగొట్టుకుంటున్నది తిరిగే అడవి. నక్షత్ర మండలం మొత్తానికి ఒకే ఆజ్ఞ రాసినవాళ్లు ఎవరింట్లోనూ నెలరోజులు ఉండి చూడలేదనిపిస్తుంది. ఈయన ఉన్నాడు, గోండీ నేర్చుకున్నాడు.

అలాగని ఆయన్ని దేవుణ్ని చేసి కథ ముగించడానికి లేదు. 1982లో ఆయనే ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’ అనే పుస్తకం వేశాడు. మళ్లీ ఆదిలాబాద్ తిరిగి చూస్తే, అప్పుడిప్పించిన భూములు చాలావరకు మళ్లీ బయటివాళ్ల చేతుల్లో కనిపించాయి. చట్టాలు లేక కాదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి భూబదలాయింపు నిబంధనలున్నాయి, 1970లో వాటిని ఇంకా గట్టి చేశారు. కాగితం మీద కంచె ఎత్తుగానే ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కలో 13 మంది, అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని అక్కడివాళ్లు అంటారు. కొమురం భీమ్ చనిపోయి అప్పటికి నలభై ఏళ్లు దాటింది. గొడవ మాత్రం అదే భూమి గురించి.

“హైమన్‌డార్ఫ్ రాకపోతే బాగుండేదా?” అని మా వాణ్ని జూపార్కు గేటు బయట అడిగాను. సూటిగా అడిగేశాను, సెమినార్ ఆలోచన ఇంకా బుర్రలో తిరుగుతోంది.

వాడు చెరుకురసం గ్లాసు పట్టుకుని కొంచెం సేపు ఏమీ అనలేదు. “మా తాతకు అక్షరమొచ్చింది మార్లవాయి బడి నుంచి వచ్చిన సారు తానే. ఆ సారు లేకుంటే మా బాపు లేడు, నేను ఈ కాలేజీల లేను. గట్లని అంతా మంచిగైందని అనను. మా పెద్దతాత పట్టా భూమి పోయింది కదా.” మళ్లీ అన్నాడు: “మావోళ్లు ఆయన్ని ఇష్టపడ్డరు. బెట్టీ అమ్మ సమాధి మార్లవాయిలనే ఉన్నది. అది మేం చేసుకున్న సంబంధం. నీ రూలుతోటి ఏం సంబంధం?”

ఆమె 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో ఖననం చేశారు. ఆయన 1995లో పోయాక అస్థికలు కూడా తర్వాత అక్కడికే చేరాయి.

‘మేం చేసుకున్న’ అన్న మాట నాకు పట్టుకుంది. నా స్లైడ్లన్నిట్లో నిర్ణయం తీసుకునేది ఎప్పుడూ నౌకలోవాడే. దిగాలా వద్దా, చెప్పాలా వద్దా, బాధ కూడా అతనిదే, హీరో అతనే. కింద ఉన్నవాళ్లు ఒక నిర్ణయం తీసుకుంటారన్న ఊహే ఆ ప్రశ్నలో లేదు.

తీసుకున్న సందర్భాలు నిజంగా ఉన్నాయి. అండమాన్ల ఉత్తర సెంటినెల్ దీవి మీకు తెలిసే ఉంటుంది. 1880లో బ్రిటిష్ అధికారి పోర్ట్‌మన్ అక్కడినుంచి ఆరుగురిని పోర్ట్‌బ్లెయిర్‌కి ఎత్తుకొచ్చాడు. పెద్దవాళ్లిద్దరూ జబ్బుపడి చనిపోయారు, పిల్లల్ని బహుమతులిచ్చి తిరిగి వదిలేశారు. 1991లో మన మానవశాస్త్రవేత్తలు కొబ్బరికాయలు నీళ్లలోకి తేల్చి ఇస్తే తీసుకున్నారు. ఆ బృందంలో మధుమాల ఛటోపాధ్యాయ కూడా ఉంది. కొన్నేళ్లకి ప్రభుత్వం ఆ యాత్రలు ఆపేసింది. 2004 సునామీ తర్వాత ఎలా ఉన్నారో చూద్దామని హెలికాప్టర్ వెళ్తే ఒకతను దాని మీదికి బాణం ఎక్కుపెట్టాడు. 2018లో అనుమతి లేకుండా వెళ్లిన అమెరికన్ యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అక్కడ ప్రైమ్ డైరెక్టివ్ పాటించడం మన గొప్పతనమేమీ కాదు. వాళ్లు చెప్పారు, మనం చాలా ఆలస్యంగా విన్నాం.

ఒడిశాలో నియంగిరి కొండ సంగతి ఇంకో రకం. బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభల్నే అడగమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోంధుల కువి భాష కూడా మన ద్రావిడ కుటుంబమే. అడగడం అంత కష్టమైన పనేం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. జడ్జి ముందు, అధికారుల ముందు మైకులో చెప్పారు.

పదకొండో స్లైడ్ నుంచి ఆ హెడ్డింగ్ తీసేశాను. గుస్సాడీ ఫొటో కూడా తీసేశాను, అది ఎవరిదో, ఎవరు తీశారో కూడా చూసుకోకుండా పెట్టినందుకు సిగ్గేసింది. ఆ స్థానంలో పురానాపూల్ ఫొటో పెట్టాను, టమాటా కుప్పలతో సహా. కింద రెండు తేదీలు: 1564, 1578. ఎందుకని ఎవరైనా అడిగితే దుర్గావతి గురించి చెప్తాను.

దీపావళికి వాళ్ల వైపు దండారీ ఉత్సవం జరుగుతుంది. గుస్సాడీలు ఊరూరా తిరుగుతారు. నేనూ వస్తానురా అన్నాను, ఈసారి ఫొటోల కోసం కాదని కూడా అన్నాను. వాడు నవ్వి, “మా పెద్దబాపును అడిగి చెప్తా” అన్నాడు. ఈ వ్యాసం ఎడిటర్‌కి పంపేటప్పటికి ఇంకా ఏమీ చెప్పలేదు.